మిష్రిఫ్‌లో కంకర రైలు

కువైట్‌లో రైలు లేదు. వస్తుందని నేను ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ వింటున్నాను. చాలాకాలం దినపత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ని కాబట్టి ‘వస్తుంది’ అనే వార్తను ఎలా చదవాలో తెలుసు. వచ్చాక ఎక్కుదాం అనుకుని పక్కన పెట్టాను. ఫహాహీల్‌లో నా గది నుంచి మిర్కాబ్‌లో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ దాకా బస్సే నా రైలు. సముద్రం పక్కన పోయే ఆ రోడ్డు మీద రోజూ అవే ముఖాలు, అవే నిద్రమొహాలు. ఎవరు ఏ స్టాపులో దిగుతారో కళ్లు మూసుకుని చెప్పగలను. ఒక లైను మీద కొన్నేళ్లు తిరిగితే అది మన ఊరైపోతుంది.

ఇది నేను ఎక్కని ఒక లైను గురించి.

రెండేళ్ల కిందట ప్రెస్‌కి ఒక చిత్రమైన ఆర్డరు వచ్చింది. వేలిగోరంత బోర్డులు కావాలి. ఒక్కో బోర్డు మీద జపాన్ అక్షరాల్లో ఒక స్టేషన్ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో అటు స్టేషన్, ఇటు స్టేషన్. ప్రూఫులు చూసే పని నాది కాబట్టి నా బల్ల మీద పడ్డాయి. నాకు ఆ భాషలో ఓనమాలు రావు. అయినా భాష రాకుండానే ప్రూఫు చూడొచ్చు. అసలు పక్కన నకలు పెట్టుకుని, ముగ్గుకి ముగ్గు పోల్చినట్టు పోల్చుకుంటూ పోవడమే. భూతద్దం పెట్టుకుని చూశాను. ఒక బోర్డు తలకిందులుగా వచ్చింది. మార్పించాను.

బోర్డులు తీసుకోవడానికి ఒక ఇంటి డ్రైవరు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. నలభై అయిదు దాటి ఉంటుంది. మెడ చుట్టూ రుమాలు. నా మాట వినగానే మొహం విప్పారింది.

“సార్ మీరు మనోళ్లేనా? మా బాబా, గీ బోర్డులు సూసినాయన ఎవరో ఇంటికి తీస్కరా అన్నడు సార్. అతికిచ్చేటప్పుడు ఏది ముందలో ఏది ఎనకనో సూడాల్నట.”

ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇంటి యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తారు. అలా ఒక శుక్రవారం మిష్రిఫ్‌లోని ఆ ఇంటికి వెళ్లాను.

పెద్ద విల్లా. మగవాళ్లు కూర్చునే హాలుకి ఆనుకుని పొడవాటి గది. తలుపు తీస్తే నడుమెత్తు బల్లల మీద ఒక పట్టణ శివారు మొత్తం పరుచుకుని ఉంది. నది, వంతెన, గేటు పడే రోడ్లు, పెంకుల ఇళ్లు, బట్టలారేసిన మేడలు, వాటి మధ్య నుంచి జంట పట్టాలు. అరచేతిలో పట్టే పెట్టెలతో ఆకుపచ్చ రైళ్లు. బాబా చమురు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పడుచుతనంలో ట్రైనింగ్ కోసం జపాన్ పంపారట. టోక్యో శివారులో పట్టాల పక్కనే ఒక ముసలామె ఇంట్లో పై గది అద్దెకు ఇచ్చారు. “మొదటివారం నిద్ర లేదు. రైలు పోయినప్పుడల్లా కిటికీ వణికేది. సెలవుకి కువైట్ వచ్చాక ఇక్కడా నిద్ర లేదు, రైలు పోవడం లేదని” అన్నాడు నాతో ఇంగ్లీషులో.

ఆ లైను కథ ఆయన చెబుతుంటే నేను బోర్డులు అందించేవాణ్ని. మొదట అది మనుషుల కోసం వేసింది కాదు. నది ఒడ్డున కంకర తవ్వి నగరానికి తోలడానికి వేశారు. రోడ్లకీ మేడలకీ ఆ కంకరే. అందుకని అక్కడి ముసలివాళ్లు దాన్ని కంకర రైలు అనేవాళ్లట. తర్వాత నదిలో తవ్వకం ఆపేశారు. తోలడానికి కంకర లేదు, పట్టాలేమో ఉన్నాయి. లైను పక్కన పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి, ఇళ్లలోకి గుమస్తాలు వచ్చారు, గుమస్తాల కోసం పెట్టెలు వచ్చాయి. ఒంటి పట్టా జంట పట్టా అయింది. ఆయన ఉన్న రోజుల్లో పొద్దుటిపూట జనాన్ని లోపలికి నెట్టి తలుపులు వేయడానికి స్టేషన్లో మనుషులుండేవాళ్లట. నడిమి స్టేషన్లో పాసింజరు పక్క పట్టా మీదకు తప్పుకుని నిలబడేది. ఎక్స్‌ప్రెస్ దాన్ని దాటిపోయేది. పాసింజర్లో కూర్చున్నవాళ్లు పేపర్లోంచి తల కూడా ఎత్తేవాళ్లు కాదట.

బల్ల మీది పాసింజరు అలా ఆగినప్పుడల్లా డ్రైవరు ఒంగి చూసేవాడు. “గీ తప్పుకునుడు మంచిగున్నది సార్. ఇజ్జత్ పోలె, పని ఆగలె.”

చాయ్ తెచ్చే వంటమనిషి అన్నమయ్య జిల్లా ఆమె. ఆ గదిలో దుమ్ము దులిపేది కూడా ఆమే. కోడి ఈకతో పెట్టె పెట్టెనూ తుడిచేది. “మా ఇంటి గోడల్ని ఇంత బాగా తుడిచింటే మా అత్త నన్ను నెత్తిన పెట్టుకునుండు” అంది. నేను ఆ ఇంటికి శుక్రవారాలు పోవడం అలా అలవాటైంది. మామా మాత్రం ఎదురుపడేది కాదు. నల్లటి అబాయాలో వరండా మీదుగా పోతుంటే జపమాల పూసల చప్పుడు వినపడేది, అంతే.

తర్వాతి వేసవిలో ఒక శుక్రవారం నేను వెళ్లేసరికి డ్రైవరు వాకిట్లో కారు కడుగుతున్నాడు. కారు అప్పటికే మెరుస్తోంది. అతను మాత్రం తలెత్తలేదు. లోపల చాయ్ ఇస్తూ వంటమనిషి విషయం చెప్పింది. చెబుతూ నవ్వు ఆపుకోలేక, నవ్వినందుకు నొచ్చుకుంటూ.

ఆ మంగళవారం డ్రైవరు మామాను జమియాకి, అంటే కాలనీ సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్లాడు. ఆమె సామాను తెచ్చి వెనక సీటులో పెట్టి, ఏదో మరిచిపోయి, తలుపు వేసి మళ్లీ లోపలికి పోయింది. తలుపు పడింది కదా అని ఇతను కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

“ఇంటిముందర కారు ఆపి, దిగి, ఆ తలుపు తీసి నిలబడినాడు సార్, మామా దిగుతాదని. పెరుగు డబ్బాలు ఉండాయి, కొత్తిమీర ఉండాది. మామా లేదు.”

ఇక్కడి ఇంటి డ్రైవర్ల పద్ధతి తెలియనివాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. ఇంటి ఆడవాళ్లు వెనక కూర్చుంటే మంచి డ్రైవరు వెనక్కి తిరగడు. అద్దంలో కూడా చూడడు. ఆ అద్దాన్ని రోడ్డు మాత్రమే కనపడేలా పైకి ఎత్తి పెట్టుకుంటాడు. తనంతట తాను మాట కలపడు. మామా అసలే మాటలు తక్కువ మనిషి. ఇన్నేళ్లలో ఆ ఇద్దరి మధ్య బయలుదేరడానికి గుర్తు తలుపు చప్పుడే. ఆ చప్పుడు వినపడింది, ఇతను కదిలాడు. మర్యాద తప్పి ఉంటే ఈ పొరపాటు జరిగేదే కాదు.

అంతకంటే చిత్రం ఏమిటంటే మామా సెల్‌ఫోను సంచితోపాటు కారులోనే ఉండిపోయింది. ఆమె అక్కడ ఎవరిదో ఫోను అడిగి తీసుకుని తన నంబరుకే చేసింది. అది వెనక సీటులో మోగింది, దారి పొడుగునా.

“మరి ఎత్తలేదని అనుమానం రాలేదా?” అని తర్వాత అతణ్నే అడిగాను.

“అచ్చింది సార్. ఎవలి మీదనో కోపమున్నది, ఎత్తుతలేదు అనుకున్న. ఇంటోళ్ల కోపతాపాలు మనకెందుకని సప్పుడు జెయ్యలే.”

ఎండాకాలం మధ్యాహ్నం. జమియా ముందర నీడలో నిలబడి కారు కోసం చూసిన మామా చివరికి చెల్లెలి డ్రైవరును పిలిపించుకుని ఇల్లు చేరింది. చేరి ఒకే మాట అంది: ఖలాస్. అతని ఇఖామా వచ్చే నెలలో రెన్యువల్ కావాలి. చెయ్యొద్దంది. నివాసపత్రం అయిపోతే ఇంటికి పోవడమే. ఈ వయసులో ఇంకో కఫీల్, అంటే వీసాకి పూచీ పడే యజమాని, దొరకడం, ఇలాంటి ఇల్లు దొరకడం మాటలు కాదు. చిన్న కూతురు కోరుట్లలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. “అది ఒడ్డునపడ్డంక నేనే పోతుంటి సార్” అన్నాడు, తడి గుడ్డ పిండుతూ. మంగళవారం నుంచీ మామా చెల్లెలి కారులోనే తిరుగుతోంది. ఎక్కడికీ పోని బండిని ఇతను రోజూ కడుగుతున్నాడు.

బాబా ఆమెను ఒప్పించి ఇఖామా తేదీ దాకా గడువు తీసుకున్నాడు. ఆయనకు తోచిన ఉపాయం ఆ లైనులోదే. జపాన్‌లో రైలు నడిపేవాళ్లు ప్రతి పనికీ వేలు చాపి, చూసింది పైకి చెబుతారట. సిగ్నలు వైపు వేలు చాపి ‘పచ్చ’ అంటారు. గడియారం వైపు చాపి టైము చెబుతారు. కన్ను చూసింది నోరు చెబితే చెవి వింటుంది, అప్పుడు మతిమరుపుకి సందు ఉండదని వాళ్ల లెక్క. ఆయన ఆ పాఠం డ్రైవరుకు అరబిక్‌లో, కొంత హిందీలో చెప్పాడు. మిగతాది నేను తెలుగు చేశాను.

పై శుక్రవారం నేను గేటు దగ్గరికి వచ్చేసరికి కదలని కారులో కూర్చుని అతను సాధన చేస్తున్నాడు. చూపుడువేలు అటూ ఇటూ తిరుగుతోంది.

“బెల్టు, పెట్టిన. బిరేకు, తీసిన. ముందల, ఎవలు లేరు. ఎనక తలుపు, పడ్డది.”

వంటమనిషి కిటికీలోంచి తల పెట్టింది. “ఏందన్నా, గాలితో మాట్లాడతా ఉండావు? తాయెత్తు కట్టిచ్చాలనా?”

“నువ్వు గ్యాసు బందు జేసినవా సూడు చెల్లె. వేలు వెట్టి సూడు.”

ఆమె నవ్వుతూ లోపలికి పోయింది. రెండు నిమిషాలాగి వంటింట్లోంచి గొంతు వినపడింది. “గ్యాసు, ఆఫు.” దాంతో వాకిట్లో అతనూ నవ్వాడు. ఆ మధ్యకాలంలో అతను నవ్వడం నేను చూసింది అదే.

ఆ మరుసటిరోజు బాబా బతిమాలి మామాను కారు ఎక్కించాడు. ఏం జరిగిందో, ఆ మధ్యాహ్నం బాబా రమ్మన్నాడని నన్ను తీసుకెళ్లడానికి ప్రెస్ దగ్గరికి వచ్చినప్పుడు డ్రైవరే చెప్పాడు. బెల్టు అయింది, బ్రేకు అయింది, తలుపు అయింది. ఇంకొకటి మిగిలింది. అసలు పొరపాటు జరిగింది అక్కడే కదా. అతను సీటులో వెనక్కి తిరిగి, మామా మొహానికి సూటిగా వేలు చాపి, గట్టిగా, “మామా, కూసున్నది” అన్నాడు.

మామా తలుపు తీసుకుని దిగిపోయింది.

“ఇన్నేండ్లల్ల గామె దిక్కు మర్లి సూడలే సార్. ఒక్కపారి సూసిన. గది సుత వేలు సూపెట్టి.” సిగ్నలు దగ్గర బండి ఆపాడు. “సూడకుంటే ఒక తప్పు, సూస్తే ఇంకో తప్పు. ఏం జేద్దు చెప్పుండ్రి.”



గదిలో బాబా దిగులుగా రైళ్లు తిప్పుతున్నాడు. ఆయన నేర్పిన విద్యే కొంప ముంచిందని ఆయనకూ తెలుసు. పాసింజరు నడిమి స్టేషన్లో పక్కకు తప్పుకుని నిలబడింది. ఎక్స్‌ప్రెస్ దాటింది. డ్రైవరు బల్ల మీదకు ఒంగి ఆగిన రైలును చాలాసేపు చూసి నన్ను అడిగాడు.

“సార్, గీ బండి నడిపెటాయన ఎనకకు సూస్తడా? ఇంతమంది ఎక్కుతున్నరు దిగుతున్నరు గదా.”

బాబాకు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నడిపేవాడు వెనక్కి చూడడు. అతని పని ముందున్న పట్టా. చివరి పెట్టెలో ఇంకొకడుంటాడు. జనం ఎక్కడం దిగడం అతను చూస్తాడు, తలుపులు అతను వేస్తాడు, అంతా అయ్యాక బజరు నొక్కుతాడు. ముందువాడు ఆ చప్పుడు విన్నాకే కదులుతాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే రోజంతా నడుపుతారు. “కంకర మోసినన్నాళ్లూ ఈ గొడవ లేదని ముసలివాళ్లు అనేవాళ్లు. కంకర మధ్యలో దిగి ఏదో మరిచిపోయానని వెనక్కి పోదు కదా. మనుషుల్ని ఎక్కించుకున్నాకే వెనక ఒక మనిషి కావాల్సొచ్చింది” అన్నాడు.

నేను తెలుగు చేయడం పూర్తి కాకముందే డ్రైవరు నిటారుగా లేచాడు.

“గిది మన ఆర్టీసీ ముచ్చటే గదా సార్. కండక్టర్ రైట్ రైట్ అనందే మా కోరుట్ల బస్సు ఇంచు జరుగది. డ్రైవర్ ఎన్నడన్న ఎనకకు మర్లి సూసిండా?”

చాయ్ కప్పులు తీయడానికి వచ్చిన వంటమనిషి ఆగిపోయింది. “అయితే మామా మెళ్లో టికెట్ల సంచి ఏస్తారా?”

ఇద్దరం నవ్వాం. ఏమిటని బాబా అడిగితే చెప్పాను. ఆయన నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, చేతికర్ర తీసుకుని లోపలికి పోయాడు. గోడ అవతల ఆయన గొంతు చాలాసేపు వినపడింది. ఆమె గొంతు ఒకటి రెండుసార్లే. మేము ముగ్గురం బొమ్మ ఊరి ముందు ఊరికే నిలబడ్డాం. ఆగిన పాసింజరును మళ్లీ కదపాలని ఎవరికీ తోచలేదు.

బాబా బయటికి వచ్చి బండి తీయమన్నాడు. మామా జమియాకి వెళ్తుందట.

డ్రైవరు చేతులు కడుక్కుని, జుట్టు తడి చేసుకుని కారులో కూర్చున్నాడు. మామా వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. వెనక సీటులో కూర్చుంది. తలుపు పడింది. ఇంజను నడుస్తోంది. అతని రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి, చూపు గేటు మీద. పెదవులు మాత్రం కదిలాయి. బెల్టు, బ్రేకు చెప్పుకుంటున్నాడని ఊహించాను. తర్వాత అవీ ఆగాయి. కారు కదలలేదు. బాబా కర్ర మీద బరువు మార్చాడు. “చెప్పు మామా, ఒగ మాట చెప్పు” అని నా పక్కన వంటమనిషి తనలో తాను గొణుక్కుంది.

మామా మాట చెప్పలేదు. చేతి ఉంగరంతో కిటికీ అద్దం మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్.

కారు కదిలింది.

వాళ్లు తిరిగి వచ్చేదాకా మేం రైళ్లు ఆడుకున్నామని చెప్పాలి. బాబా నాకు ఎక్స్‌ప్రెస్ అప్పగించాడు. నేను దాన్ని వంతెన మీంచి పడేయబోయాను.

సాయంత్రం ప్రార్థన పిలుపుకి ముందు కారు గేటులోకి వచ్చింది. మామా దిగి నేరుగా లోపలికి పోయింది. డ్రైవరు సామాను సంచులు వంటింటి గుమ్మం దాకా మోసి, మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెప్పడానికి తొందర, చెప్పడానికి భయం కూడా. బాబా కూడా వినాలని నేను పక్కనే ఇంగ్లీషు చేస్తూ పోయాను.

జమియా దగ్గర మామా సామాను వెనక సీటులో పెట్టింది. తలుపు వేసింది. చప్పుడు సరిగ్గా మొన్నటి చప్పుడే. అతను కదలలేదు. టక్ టక్ వినపడలేదు. చాలాసేపు వినపడలేదు. వెనక నిలిచిన కారువాడు హారను కొట్టాడు. కదలలేదు. ఇంకోసారి కొట్టాడు. పక్కగా వచ్చి అద్దం దించి తిట్టాడు. ఇతను అటు తిరగలేదు. కదలలేదు.

“వెనక్కి చూశావా?” అన్నాను.

“లేదు సార్. ఆమె కూసున్నదో లేదో నాకు తెల్వది. ఎనక సీట్ల ఆమె ఫోను సుత మోగింది. మోగనీ అనుకున్న. నా పని సప్పుడు కోసం ఇనుడు.”

తర్వాత వెనక తలుపు తెరుచుకుంది, మూసుకుంది. టక్, టక్. అప్పుడు కదిలాడు. దారి సగం వచ్చాక మామా అతనితో అరబిక్‌లో ఒక మాట అంది. ఆ ఎండలో కావాలనే బయట నిలబడ్డానని, వెనక కారువాడితో హారను కొట్టించింది తానేనని. అతను ఆమె చెల్లెలి డ్రైవరట.

బాబా నా తర్జుమా అయ్యేదాకా ఆగలేదు. జరిగింది ఆయనకు అర్థమైపోయింది. నవ్వుతూ లోపలికి పోతుంటే, గుమ్మంలో మామా ఎదురై ఏదో చెప్పింది. వంటమనిషికి అరబిక్ మా ఇద్దరికంటే బాగా వచ్చు. పరుగున వచ్చింది.

“అన్నా, రేపు పొద్దున నీ పాస్‌పోర్టు తెచ్చియ్యమంటా ఉండాది. ఇఖామాకి.”

అతను తల ఊపాడు. మెడ మీది రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, మళ్లీ మెడకే చుట్టుకున్నాడు.

“ఇంగ కారు కడగడం చాలుగానీ చాయ్ తాగు” అందామె. “రంగు పోతాది.”

చీకటి పడుతుండగా నన్ను ఫహాహీల్ బస్సు ఎక్కించడానికి కారు తీశాడు. నేను ఎప్పటిలాగే ముందు సీటులో, అతని పక్కనే కూర్చుని తలుపు వేసుకున్నాను. ఇంజను నడుస్తోంది. అతను బెల్టు వైపు వేలు చూపాడు, బ్రేకు వైపు చూపాడు. తర్వాత గేటు వైపు చూస్తూ ఊరుకున్నాడు. కాసేపటికి నాకు అనుమానం వచ్చింది.

“ఏమైంది, పోదాం పా.”

“మీరు చెప్పాలె గదా సార్.”

“నీ పక్కనే ఉన్నాను కదయ్యా. కనపడుతున్నాను కదా.”

“కనవడుడు కాదు సార్” అన్నాడు, నా వైపు తిరగకుండానే.

నా చేతికి ఉంగరం లేదు. జేబులోంచి పెన్ను తీసి అద్దం మీద రెండుసార్లు కొట్టాను.